పుట్టింటి వేలిముద్ర

నా చేతిరాత బాగుంటుంది. గొప్పకు చెప్పడం లేదు. జరిగినదంతా ఆ చేతిరాత వల్లే జరిగింది కాబట్టి ముందుగా చెప్పవలసి వస్తోంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అనంతపురంలో బి.కాం. చేశాను. మా నాయన ఆదెప్ప గొర్రెలు కాస్తాడు. ఆయనకు వేలిముద్ర వేయడమే తెలుసు. ఊళ్లో ఎవరికి పింఛను దరఖాస్తు కావాలన్నా, పంటల బీమా ఫారం నింపాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. జయరాం రాస్తే కొట్టివేత ఉండదు, గడి దాటదు అని పేరు.

పరిషత్ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన మరునాడు బయ్యన్న నాకు కబురు పెట్టింది కూడా ఆ పేరు వినే. బయ్యన్న మా మండలంలో పార్టీకి పెద్ద. ఆయనకు క్వారీ ఉంది, పెట్రోలు బంకు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, చెనక్కాయ పంట పెరికాక మా గొర్రెలు మేసేది ఆయన చేలల్లోనే. అందుకని ఆయన రమ్మంటే ఊళ్లో ఎవరూ ఎందుకని అడగరు.

"ఏమప్పా జయరాం, ఈసారి నామినేషన్లన్నీ నీ చేత్తోనే పోవల్ల" అన్నాడు. "పోయినసారి ఎవనితోనో రాపిస్తే వయసు కాడ ఇంటి నెంబరు ఏసినాడు. నూట డెబ్బై రెండేండ్ల ముసల్ది నిలబడిందని ఆఫీసంతా నగినారు."

నేనూ నవ్వాను. నలుగురిలో నా చదువుకు ఒక పని దొరికిందని లోపల సంతోషంగా కూడా ఉండింది.

మా ఊరూ, పక్కన రెండు పల్లెలూ కలిపి ఒక ఎంపీటీసీ స్థానం. ఈసారి అది బీసీ మహిళకు రిజర్వు అయింది. టికెట్టు మా అత్త ఆంజినమ్మకేనని బయ్యన్న అప్పటికే పొదుపు సంఘం మీటింగులో అందరి ముందరా చెప్పేశాడు. అత్త అంటే మా నాయనకు చెల్లెలు. మామ పోయి ఆరేళ్లయింది. పన్నెండేళ్లుగా సంఘానికి ఆమే లీడరు. పార్టీ మీటింగు ఎక్కడ పెట్టినా, సోమందేపల్లె అయినా బుక్కరాయసముద్రం అయినా, ఆడవాళ్లను ఆటోలు ఎక్కించి తీసుకుపోయేది ఆమే. మూడు పల్లెల్లో ఆమె పేరు తెలియని ఇల్లు లేదు. ఏ పార్టీ తరఫున నిలబడినా, ఏ పార్టీ లేకుండా నిలబడినా ఆమె గెలుస్తుంది. ఆ సంగతి మాకంటే బయ్యన్నకు బాగా తెలుసు.

అత్తకు కావలసింది ఒక్కటే. ఎండాకాలం మా పల్లెకు రోజుకు ఆరు ట్యాంకర్లు నీళ్లు వస్తున్నట్టు రికార్డులో ఉంటుంది, వచ్చేవి మూడు. ట్యాంకర్ల కాంట్రాక్టు బయ్యన్న అన్నకొడుకు ప్రణీత్‌ది.

"మండలం మీటింగులో మెంబరుకు కుర్చీ ఏస్తారంట కదరా" అనేది నాతో. "ఆడ అందరి ముందరా లేచి అడుగుతా. తక్కిన మూడు ట్యాంకర్లు యాడికి పోతాండాయప్పా అని. ఆ పిల్లోడు చేసే పని పాపం బయ్యన్నకు తెలీదు. తెలిస్తే ఊరుకుంటాడా?"

నాకూ అలాగే నమ్మాలని ఉండింది.

బయ్యన్న గెస్టుహౌసులో పొడుగాటి బల్ల వేశారు. మా స్థానానికి ముగ్గురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒకరు అత్త. రెండోది బయ్యన్న కారు డ్రైవరు దేవేంద్ర భార్య హేమావతి. మూడోది బయమ్మ అనే పెద్దావిడ.

"ముగ్గురెందుకన్నా?" అని ప్రణీత్‌ని అడిగాను.

"ఒకరిది స్క్రూటినీలో పోతే ఇంకొకరు ఉండల్ల కదప్పా. స్టెప్నీ లేకుండా బండి తీస్తామా?" అన్నాడు.

"ఎవరప్పా స్టెప్నీ?" అని బయమ్మ అడిగింది. "నువ్వేలేవ్వా, గాలి బాగా ఉండాది" అంటే అందరూ నవ్వారు. బయమ్మ కూడా నవ్వింది.

నామినేషన్ పత్రం, ఆస్తుల అఫిడవిట్, కుల ధ్రువీకరణ, అన్నీ వరసగా నింపాను. ముగ్గురివీ అయ్యాక ప్రణీత్ వేరే ఫైలులోంచి మూడు ఒంటి కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. "ఇవి కూడా రాసెయ్. తేదీ మాత్రం ఏయొద్దు" అన్నాడు.

చదివాను. "పైన తెలిపిన ఎన్నికలో నా అభ్యర్థిత్వాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఈ నోటీసును నా ప్రతిపాదకుడి ద్వారా అందజేస్తున్నాను" అని ఉంది.

"అన్నా, ఇది విత్‌డ్రా ఫారం కదా?"

ప్రణీత్ ఫోనులోంచి తల ఎత్తలేదు. "పద్ధతప్పా. బి-ఫారం ఒకరికే కదా ఇస్తాం, తక్కిన ఇద్దరూ పోటీలోంచి లేవల్ల కదా? ఆ పొద్దు ఎవరు యాడుంటారో, ఎవరు ఫోన్ ఎత్తరో. అన్ని ఊర్లలోనూ అందరితోనూ తీసుకుంటాం."

ఆ మాట నాకు సబబుగానే అనిపించింది. ఎన్నికల సంఘం వాళ్ల చేతిపుస్తకం నేను అనంతపురంలో ప్రింటు తీయించి స్పైరల్ బైండింగు చేయించుకున్నాను. మొత్తం చదివాను. పార్టీ గుర్తు మీద పోటీ చేయాలంటే ఆ పార్టీ ఇచ్చే బి-ఫారం ఉండాలి. దాన్ని నామినేషన్‌తోపాటే ఇవ్వనక్కరలేదు. ఉపసంహరణల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల లోపల ఇస్తే చాలు. అంటే అప్పటిదాకా అసలు అభ్యర్థి ఎవరో పార్టీ పెద్ద జేబులోనే ఉంటుంది. ఉపసంహరణ పత్రం అభ్యర్థి స్వయంగా ఇవ్వాలి, లేదా ఆమె రాతపూర్వకంగా అనుమతించిన ప్రతిపాదకుడు ఇవ్వాలి. ప్రతిపాదకుడంటే ఆమె పేరును ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టిన ఓటరు. ఇదంతా నాకు తెలుసు. బి-ఫారం అత్తకే వస్తుంది కనుక ఆమె కాగితాన్ని చించేస్తారని అనుకున్నాను.

సంతకాలు చేయవలసిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తులు పెట్టాను. అత్త సంఘంలో చేరాక సంతకం నేర్చుకుంది. అక్షరం అక్షరానికీ ఆగి, పెదవులు కదుపుతూ చేస్తుంది. ఒంటి కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఇదేందిరా, ఇదొకటే విడిగా ఉండాది?"

"ఏం లేదత్తా. పద్ధతి" అన్నాను.

ఆమె సంతకం చేసింది.

ప్రతిపాదకుడి దగ్గర మాత్రం అత్త పట్టు పట్టింది. ముగ్గురికీ ప్రతిపాదకులుగా ప్రణీత్ తన మనుషుల పేర్లే అనుకుని ఉన్నాడు. అత్త పెన్ను కింద పెట్టేసింది.

"నాకు మా అన్న ఏలిముద్ర పడల్ల."

"ఎవరిదైతే ఏమమ్మా?"

"అట్ల కాదప్పా. మా ఇండ్లల్లో ఆడబిడ్డ ఏ పని మొదలుపెట్టినా పుట్టింటి చెయ్యి ముందు పడల్ల. కొత్త దొడ్డి కట్టుకుంటే మొదటి గొర్రెను తోలింది మా అన్నే. సంఘం పుస్తకం మొదటిరోజు నా చేతిలో పెట్టింది మా అన్నే. ఇది మాత్రం ఎవరో పరాయోల్లు చేస్తే ఎట్ల?"

ప్రణీత్ లోపలి గది వైపు చూశాడు. బయ్యన్న గుమ్మంలోకి వచ్చి నవ్వాడు. "ఏపియ్యండ్రా. సొంత అన్న కంటే నమ్మకస్తుడు యాడ దొరుకుతాడు?" అన్నాడు. ఆ మాట అత్త వైపు చూసి అనలేదు, ప్రణీత్ వైపు చూసి అన్నాడు.

సాయంత్రం మంద దిగాక నాయన వచ్చి వేలిముద్ర వేశాడు. ఇంకు మరక పోకుండా రెండు రోజులు ఆ వేలితో సంకటి ముద్ద తాకలేదు. చెల్లెలి పనికి వేసిన వేలు అని అందరికీ చూపించుకున్నాడు.

స్క్రూటినీలో మా మూడు సెట్లూ నిలిచాయి. అవతలి పార్టీ వాళ్లది కూడా ఒకటి నిలిచింది. బయ్యన్న నా వీపు తట్టి, "సదువుకున్నోడు సదువుకున్నోడే" అన్నాడు. ఆ రాత్రి నేను చాలా సంతోషంగా పడుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే.

ఉపసంహరణల చివరి రోజు నేను మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు అంగట్లో కూర్చుని వేరే ఊళ్ల ఏజెంట్ల ఫారాలు నింపుతున్నాను. ఆఫీసు చుట్టూ తాడు కట్టి పోలీసులను పెట్టారు. అభ్యర్థులనూ ప్రతిపాదకులనూ తప్ప ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. అత్తను ఊళ్లోనే ఉండమన్నారు. మూడు గంటలకు బి-ఫారం పని అయిపోతుంది, ఆడవాళ్లను, తప్పెట్లను తీసుకుని ఊరేగింపుగా రమ్మని ప్రణీత్ చెప్పాడు.

రెండు గంటలకు కాస్త ముందు ప్రణీత్ కారు వచ్చి ఆగింది. ముందు సీటులోంచి మా నాయన దిగాడు. కొత్త పంచె, ఇస్త్రీ చొక్కా. మా నాయనను ఎవరైనా కారు ముందు సీట్లో కూర్చోబెట్టడం నేను అదే మొదటిసారి చూడడం.

"ఏం నాయనా, నువ్వేంది ఈడ?"

"బి-ఫారం ఇయ్యల్లంటరా. నేనే ఇయ్యల్లంట. ఏలిముద్ర ఏసినోడే రావల్లంట." పంచె సర్దుకున్నాడు. "ఇది కూడా బయ్యన్నే తెచ్చిచ్చినాడు. ఆఫీసులో మంచిగా కనపడల్ల కదా అని."

ప్రణీత్ చేతిలో గోధుమరంగు కవరు ఉంది. అంటించి ఉంది. "టైమైతాండాది, రా మామా" అన్నాడు. అంతకు ముందురోజు దాకా మా నాయన వాడికి "రేయ్ ఆదెప్పా".

బి-ఫారం ఇవ్వడానికి ప్రతిపాదకుడే రావాలని చేతిపుస్తకంలో ఎక్కడా లేదు. అది నాకు తెలుసు. ఆ క్షణంలో గుర్తుకు కూడా వచ్చింది. కవరు ఒకసారి చూపించన్నా అని అడిగితే సరిపోయేది. అడగలేదు. పెద్దవాళ్లు, అన్నీ తెలిసినవాళ్లు, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను. మా నాయన ముఖంలో ఆ వెలుగు చూసి అడ్డం పడబుద్ధి కాలేదు అని కూడా అప్పుడప్పుడు నాకు నేను చెప్పుకుంటాను. అది సాకు.

తాడు దగ్గర కానిస్టేబులు ప్రణీత్‌ని ఆపాడు. కవరు నాయన చేతికి వచ్చింది. ఈనిన గొర్రె దగ్గరినుంచి పిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని లోపలికి నడిచాడు. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి నన్ను చూసి కవరు కొంచెం పైకెత్తాడు. నేను పెన్ను పట్టుకున్న చెయ్యి ఎత్తాను.

లోపల ఏం జరిగిందో తరువాత అటెండరు చెప్పాడు. ఎన్నికల అధికారి నిబంధన ప్రకారం అడగవలసినవి అడిగాడు.

"నీ పేరు ఆదెప్పనేనా?"

"ఆదెప్పే సారూ."

"ఆంజినమ్మను ప్రతిపాదించింది నువ్వేనా?"

"నేనే. నా సొంత చెల్లెలు."

"ఈ కాగితం ఆమె తరఫున నువ్వే ఇస్తున్నావా?"

"నేనే సారూ. నేను కాకపోతే ఇంకెవరిస్తారు?"

అధికారి గోడ గడియారం చూసి కాగితం మీద సమయం వేశాడు. నాయన దండం పెట్టి వచ్చేశాడు.

మూడు దాటి ఇరవై నిమిషాలకు మూడు ఆటోలు వచ్చాయి. ముందర తప్పెట్లు. అత్త మెరూన్ రంగు చీర కట్టుకుని, ఒక చేత్తో పూలదండ పట్టుకుని దిగింది. వెనుక ముప్పై మంది దాకా సంఘం ఆడవాళ్లు. గడువు అయిపోయింది కాబట్టి తాడు తీసేశారు. అప్పుడే అటెండరు పోటీలో మిగిలినవారి జాబితా తెచ్చి నోటీసు బోర్డుకు అంటించి పోయాడు.

"జయరాం చదవల్ల, జరగండి" అని ఎవరో అన్నారు. నాకు దారి ఇచ్చారు.

జాబితాలో మా స్థానానికి ఒకటే పేరు ఉంది. హేమావతి, భర్త దేవేంద్ర. అవతలి పార్టీ వాళ్లు కూడా తమ మనిషిని పోటీలోంచి లేపేశారు. దానికి బదులు పక్క స్థానంలో బయ్యన్న తన మనిషిని లేపాడు. రెండు పార్టీల వాళ్లూ ఒకే టీ అంగడి దగ్గర కూర్చుని ఉన్నారు.

మళ్లీ చదివాను.

"నీ పేరు లేదత్తా."

"బాగా చూడురా" అంది. "ఎనక పక్క ఉంటాదేమో."

గోడకు అంటించిన కాగితానికి వెనుక పక్క లేదని నేను చెప్పలేకపోయాను. ఆమె నా ముఖం చూసి తెలుసుకుంది. దండ పక్కావిడ చేతికిచ్చి తిన్నగా లోపలికి నడిచింది. వెనుక నేనూ, మా నాయనా.

అధికారి మంచిగానే మాట్లాడాడు. కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "సంతకం మీదేనా అమ్మా?"

"నాదే."

"తెచ్చింది మీ ప్రతిపాదకుడేనా?"

అత్త నాయన వైపు చూసింది. నాయనకు ఇంకా అర్థం కాలేదు. "బి-ఫారం కాదా సామీ అది?" అన్నాడు.

అధికారి తల వంచుకున్నాడు. "మాకు చూడవలసినవి రెండే. సంతకం, తెచ్చిన మనిషి. రెండూ సరిగ్గా ఉన్నాయి. ఒకసారి ఇచ్చాక ఉపసంహరణను వెనక్కి తీసుకోవడానికి చట్టంలో వీల్లేదు."

కాగితంలో ప్రతి అక్షరం నాదే. గుండ్రంగా, గడి దాటకుండా ఉంది. తేదీ ఒక్కటే వేరే ఇంకుతో, వంకరగా, ఎవరో నిలబడి రాసినట్టు ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. ముందే టికెట్టు లేదని చెప్పి ఉంటే అత్త సొంతంగా నామినేషన్ వేసేది. అవతలి వాళ్లు పిలిచి బి-ఫారం ఇచ్చేవాళ్లు. అందుకే ఇస్తామన్నారు. ఇస్తామని నామినేషన్ వేయించి, వేరేచోట వేసుకునే గడువు దాటించి, ఆఖరి గంటలో ఆమె సంతకంతోనే, ఆమె అన్న చేతనే, ఆమె మేనల్లుడి రాతతోనే లేపేశారు. ఒక్క దొంగ సంతకం లేదు. ఎక్కడా చట్టం దాటలేదు. చట్టాన్నే తాడుగా పేని మా కాళ్లకు కట్టారు.

నాయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అత్త నా వైపు తిరిగింది.

"ఆయనకు సదువు రాదు. నీకొస్తాది కదరా."

బయటికి వచ్చేసరికి టపాకాయలు కాలుస్తున్నారు. తప్పెట్ల వాళ్లలో పెద్దాయన తిప్పయ్య అత్త దగ్గరికి వచ్చి, "ఎవరికి కొట్టల్లమ్మా?" అని మెల్లగా అడిగాడు. అత్త జవాబు చెప్పేలోపల ప్రణీత్ మనుషులు వాళ్లను హేమావతి కూర్చున్న కారు ముందరికి తోలుకుపోయారు. అత్త పిలిపించిన తప్పెట్లు హేమావతికి మోగాయి.

బయ్యన్న మా నాయనను చెయ్యి పట్టుకుని లాగి శాలువా కప్పాడు. "ఏకగ్రీవానికి సహకరించిన ఆదెప్ప" అని గట్టిగా అన్నాడు. అందరూ ఫోన్లు ఎత్తి ఫోటోలు తీశారు. నాయన భుజం తప్పించుకునేంత సమయం కూడా ఇవ్వలేదు. ఆ ఫోటోలో ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నవ్వినట్టే కనిపిస్తుంది. ఆ సాయంత్రానికే అది అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది.

"ఏం ఆంజినమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు బయ్యన్న. "పైనోల్ల నిర్ణయం. వచ్చేసారి చూద్దాం."

"నేను ట్యాంకర్ల మాట అడుగుతానని కదన్నా?"

"ఆ మాట మీటింగులోనే అడగల్లనా? నాకు చెప్తే చాలదా?"

"నీళ్లు చాలవని పన్నెండేండ్ల నుంచి నీకే చెప్తాండా" అంది అత్త.

బయ్యన్న నవ్వి వేరేవాళ్ల వైపు తిరిగాడు.

ఐదు గంటలకు నాకు గెస్టుహౌసు నుంచి ఫోన్ వచ్చింది. పోకూడదు. పోయాను. ఎందుకు చేశారని ముఖాన అడగాలనుకుని పోయాను.

హేమావతి కుర్చీ అంచున కూర్చుని ఉంది. మెడలో దండ తీసి ఒళ్లో పెట్టుకుంది. బల్ల మీద వరసగా పదకొండు గోధుమరంగు కవర్లు, ఒక్కో దాని మీద ఒక్కో ఊరి పేరు. అన్ని ఊర్లలోనూ తీసుకున్న తేదీ లేని కాగితాలు వాటిలోనే ఉండాలి.

నేను నోరు తెరిచేలోపలే బయ్యన్న అన్నాడు: "రాప్పా. ఒక చిన్న కాయితం రాసిపో. వ్యక్తిగత కారణాల వల్ల ఎంపీటీసీ పదవికి రాజీనామా చేస్తున్నాను అని. హేమావతి పేరు మీద. తేదీ ఏయొద్దు."

"ఇంకా సర్టిఫికెట్టే నా చేతికి రాలేదు కదన్నా" అంది హేమావతి. ఆ మాట ఎవరినీ అడిగినట్టు లేదు.

"నీకేంటికే అవన్నీ? అన్న చెప్పినాక" అన్నాడు దేవేంద్ర గుమ్మం దగ్గరినుంచి.

గెలిచి రెండు గంటలు కాలేదు. రేపు ఆమె ఎప్పుడైనా తల ఎత్తితే దించడానికి కాగితం కావాలి. ఆ గదిలో గాలి పీల్చడానికే నాకు అసహ్యం వేసింది. ఆ పదకొండు కవర్లలో ఎన్ని కాగితాల మీద నా రాత ఉందో లెక్క వేసుకుంటే నా చెయ్యి చూసుకోవడానికి కూడా.

"రాయనన్నా" అన్నాను.

"ఏమప్పా, చెయ్యి నొస్తాందా?"

"లేదు. రాయను. మా అత్తను మోసం చేసినారు మీరు."

బయ్యన్నకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ప్రణీత్ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, "దీనికింత కథేంది చిన్నాయనా, టైపు చేస్తే పోలా" అన్నాడు. రెండు నిమిషాల్లో ప్రింటరు లోంచి కాగితం బయటికి వచ్చింది. నా గుండ్రటి అక్షరాలు వాళ్లకు అవసరం కూడా లేదు.

కాగితం హేమావతి ముందు పెట్టారు. ఆమె పెన్ను తీసుకుని తల ఎత్తి నన్ను చూసింది. నామినేషన్లప్పుడు మూడు సెట్లలోనూ సంతకాలకు గుర్తులు పెట్టింది నేనే కదా.

"యాడ పెట్టల్ల జయరామా?"

నేను బయటికి వచ్చేశాను. ఆమెకు కనీసం పెట్టొద్దక్కా అని చెప్పి ఉండవలసింది. అది ఇంటికి సగం దూరం వచ్చాక తోచింది.

మరుసటి రోజు పొద్దున్నే అత్త మా ఇంటికి వచ్చింది. నాయన దొడ్డి దగ్గర కూర్చుని ఉన్నాడు. శాలువా కంచె మీద పడేసి ఉంది.

"రాయి" అంది నాతో. "జరిగింది జరిగినట్టు రాయి. కలెక్టరాఫీసులో ఇద్దాం."

"వద్దు ఆంజీ" అన్నాడు నాయన. "జరిగిందేదో జరిగిపాయ. ఆయప్పతో పెట్టుకుంటే గొర్రెలు యాడ మేస్తాయి? కొండ మీద ఏముండాది, రాళ్లు తప్ప?"

"ఆయప్ప చేన్లో మేసినందుకేనా నీ ముఖాన ఆ గుడ్డ కప్పినాడు?"

నాయన కంచె మీది శాలువా వైపు చూశాడు. "నా చేత్తో ఇప్పించినారు ఆంజీ" అన్నాడు. "ఇంగొకడు ఇచ్చింటే నాకింత ఉండదు."

"తెలుసన్నా. అందుకే రాపిస్తాండా."

ఆయన మళ్లీ వద్దనలేదు. గొర్రెలను విప్పి కొండ దారి పట్టాడు. బయ్యన్న చేల వైపు తోలలేదు.

నేను కూర్చుని రాశాను. రెండు పేజీలు వచ్చింది. మామూలుగా అర్జీల్లో రాసే అలంకారాలు ఏమీ రాయలేదు. ఏ రోజు ఏ కాగితం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో రాశాను. ఒక చోట ఇలా రాశాను: "తేదీ ఖాళీ ఉంచి ఉపసంహరణ పత్రాన్ని నింపినది నేనే. అది ఏమిటని ఆమె అడిగితే, పద్ధతి అని చెప్పి సంతకం చేయించినది కూడా నేనే." చివర నా పేరు, చదువు, ఊరు.

సోమవారం అనంతపురం పోయాం. అర్జీలు తీసుకునే చోట పెద్ద వరస ఉంది. బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగిని మా అర్జీ మొత్తం చదివింది. మంచి మనిషి. గొంతు తగ్గించి నాతో అంది: "ఫలితం ప్రకటించేశాక మేము పైకి పంపించడం తప్ప చేయగలిగింది లేదు. కోర్టుకు పోవాలి. అయినా ఈ రెండు వాక్యాలు ఎందుకండీ? మీ మీద మీరే రాసుకున్నట్టు ఉంది. ఉద్యోగాలకు పోవలసిన వయసు. తీసేసి వేరే కాపీ రాసుకురండి, అప్పటిదాకా ఇక్కడే ఉంటాను."

"ఏం మాటలవి?" అని అడిగింది అత్త.

చదివి వినిపించాను. వరసలో ఉన్నవాళ్లకు కూడా వినపడింది.

అత్త నా వైపు తిరిగింది. నేను తీసేస్తానని అంటానేమో అని చూస్తోందని నాకు తెలిసింది.

"ఉండనీండి మేడమ్" అన్నాను.

ఆమె ముద్ర వేసి నంబరు రాసింది. అర్జీ ఇచ్చినట్టు అత్త సంతకం చేయవలసిన రసీదు ఒకటి మా వైపు జరిపింది. చిన్న కాగితం, నాలుగు పంక్తులు. నేను అత్తకు మొత్తం చదివి వినిపించాను. అత్త శ్రద్ధగా విని తల ఊపింది. తరువాత ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది. మా వెనుక వరసలో విడపనకల్లు నుంచి పాసుపుస్తకం పని మీద వచ్చిన ఒకావిడ కళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ఉంది. అత్త ఆమె చేతికి ఇచ్చింది.

"అమ్మా, నీకు సదువొస్తాది కదా? దీంట్లో ఏముండాదో నువ్వొకసారి చదివి చెప్పు."

ఆవిడ నా వైపు చూసింది, అత్త వైపు చూసింది. చదివింది. నేను చదివినట్టే ఉంది, ఒక్క మాట తేడా లేదు.

అప్పుడు అత్త పెన్ను అడిగి తీసుకుని, అక్షరం అక్షరానికీ ఆగి, సంతకం చేసింది.